చీకటి పడ్డ ఇంటికి పండుగ ఎట్లా చేరుతుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే మీ వరంగల్ ఎడిషన్‌లో క్రిస్మస్ పేజీ వస్తుంది. మా ఇంట్లో ఆ పేజీని దాచుకుంటాం. ఫాతిమా నగర్ కెథడ్రల్ ఫొటో, మెదక్ చర్చి ఫొటో, పశువుల పాక దగ్గర దేవదూతల వేషాల్లో పిల్లలు, ఏ చర్చిలో ఆరాధన ఎన్ని గంటలకో ఆ వివరాలు, అన్నీ బాగుంటాయి. అదే పేపర్లో లోపలి పేజీలో కింద మూలన ఇంకో వార్త ఉంటుంది, ఈ పత్తి అమ్ముకునే రోజుల్లో అది తరచూ ఉంటుంది, పంట దెబ్బతిని అప్పు తీర్చే దారి లేక ఫలానా మండలంలో కౌలు రైతు ప్రాణం తీసుకున్నాడని. ఈ రెండో వార్త పడ్డ ఇంటికి ఆ మొదటి పేజీలోని పండుగ ఎట్లా చేరుతుంది అన్నది కొంతకాలంగా నన్ను పట్టుకున్న ప్రశ్న. ఉత్తరం పొడుగైంది. వీలైతే కోత పెట్టకుండా వేయండి.

నేను స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను, హన్మకొండలో ఉంటున్నాను. మాది నాన్నమ్మ కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. క్రీస్తు లోకానికి వెలుగు అని సండే స్కూల్లో నేర్చుకున్నాను, ఇప్పటికీ నమ్ముతాను, ఎవరడిగినా మొహమాటం లేకుండా చెప్తాను. అయితే ఈ మాట మైకులో చెప్పడం తేలిక. కరెంటు బిల్లు కట్టక మీటరు పీకేసిన ఇంట్లో, భర్త పోయిన పదో రోజు గోడకు ఆనుకుని కూర్చున్న ఆడపిల్ల ముందు ఆ మాటకు ఏం అర్థం ఉంటుందో అక్కడికి పోతే గాని తెలియదు.

పర్వతగిరి వైపు ఒక ఊళ్లో అట్లాంటి ఇంటికి మా చర్చి స్త్రీల సమాజం వాళ్లం వెళ్లాం. ఊరి పేరు రాయను. ఆ పిల్ల తల్లిగారింటి దగ్గర ప్రార్థన తెలిసి పెరిగింది, అత్తగారి వాళ్లు మల్లన్నకు మొక్కుకునేవాళ్లు. గోడ మీద కొమురవెల్లి మల్లన్న పటం, దాని పక్కన చర్చి క్యాలెండరు, రెండూ ఉన్నాయి, మన పల్లెల్లో ఇది మామూలే. భర్త మూడెకరాలు నోటి మాట మీద కౌలుకు పట్టి పత్తి వేశాడు. విత్తనాలు, మందులు ఫెర్టిలైజర్ షాపులో ఉద్దెర, చేతి ఖర్చులకు నూటికి మూడు రూపాయల మిత్తి. ఏరే టైముకు వాన పట్టుకుని పత్తి నల్లబడ్డది. తేమ పన్నెండు శాతం దాటితే సర్కారు పత్తి కొనే సంస్థ సీసీఐ కొనదు కదా, అప్పులవాళ్లు ఆరబెట్టుకునేదాకా ఆగనివ్వరు కదా, దళారి ఎంతంటే అంతకు ఇచ్చేశాడు. ఆ తర్వాతి సంగతి మీ పేపర్లో వచ్చిందే.

మేం పోయేసరికి ఆమె ఏడవడం లేదు. ఒక పాలిథిన్ కవరులోంచి కాగితాలు తీసి చాప మీద వరసగా పెడుతోంది, మళ్లీ తీస్తోంది, మళ్లీ పెడుతోంది. షాపు బిల్లులు, బంగారం తాకట్టు పెట్టిన చీటీ, ఆధార్ కార్డులు. పట్టాదారు పాసుబుక్కు లేదు, కౌలు రైతుకు ఎట్లా ఉంటుంది! మందు కొట్టే పంపు మూలకు అట్లనే ఉంది. మా పాస్టరమ్మగారు పోయి ఆ చాప పక్కన కింద కూర్చున్నారు. చాలాసేపు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?" అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల.

మాతో పాటు ఇంకో కూడిక నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బయట వాకిట్లో నిలబడి, లోపలికి వినబడేటట్టు అన్నాడు, "విశ్వాసం గట్టిగ ఉంటే ఇట్లయ్యేది కాదు" అని. ఆమె విన్నది. తల ఎత్తి చూసి మళ్లీ కాగితాల వైపు తిరిగింది.

ఆ మాట మా వాళ్లలో చాలామంది అంటారు, చెడు మనసుతో కాదు, అట్లా బోధించారు కాబట్టి. నమ్మితే జబ్బు పోతుంది, నమ్మితే అప్పు తీరుతుంది, నమ్మితే వీసా వస్తుంది. మరి తీరకపోతే? తప్పు నీ నమ్మకానిదే అన్నమాట. కష్టంలో ఉన్న మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టడం ఇది. ఇట్లాంటి మాటలు అనడానికి బైబిలు ఎక్కడా మనకు సెలవివ్వలేదు. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చదవండి. తక్కిన ఏడుపు కీర్తనలు చాలావరకు చివరకు వచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. నా వాళ్లంతా దూరమయ్యారు, నాకు మిగిలిన బంధువు చీకటే అన్నట్టుగా చీకటిలోనే ఆగిపోతుంది. ఎవరూ దాన్ని గ్రంథంలోంచి తీసేయలేదు, చివర ఒక హల్లెలూయా అతికించలేదు. అంటే చీకట్లో ఉన్నవాడు చీకట్లో ఉన్నానని దేవుడితో చెప్పుకోవడం కూడా ప్రార్థనే అని మన పెద్దలు ఒప్పుకున్నట్టే కదా.

యోబు స్నేహితుల సంగతి కూడా అంతే. వాళ్లను మనం ఎప్పుడూ తిట్టుకుంటాం గాని వాళ్లు మొదట చేసిన పని గొప్పది. యోబుతో పాటు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చున్నారు, అతని బాధ అంత పెద్దదని చూసి ఒక్కడూ నోరు తెరవలేదు. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో తప్పు చేసుంటావు అనడం మొదలుపెట్టాకే చెడిపోయింది.

అన్నిటికన్నా పెద్ద ఆధారం శుభ శుక్రవారమే. ఏటా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో కూర్చుని సిలువ మీద పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం, ఎండకు ఫ్యాన్ల గాలి కూడా వేడిగా కొడుతుంది, పిల్లలు నిద్రపోతారు. ఆ మూడు గంటలూ దేశమంతా చీకటి కమ్మిందని సువార్తలో ఉంది. ఆ చీకట్లోనే యేసు, నా దేవా నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచితివి అని పెద్దగా కేక వేశాడు. ఆ ప్రశ్న వేసింది మనం కొలిచే ప్రభువు! అదే ప్రశ్న పర్వతగిరి దగ్గర చాప మీద కూర్చున్న పిల్ల అడిగితే ఆమెకు విశ్వాసం తక్కువని ఎట్లా అంటాం? నా మటుకు నాకు క్రైస్తవ విశ్వాసం వెలుగు అయింది ఇందుకే. నేను ఎంత లోతు చీకట్లోకి పోయినా ఆయన నాకన్నా ముందే అక్కడికి వచ్చి ఉన్నాడు.

ఇది నాకు పుస్తకంలో కన్నా వార్డులో ఎక్కువ తెలిసింది. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నాను. ఏప్రిల్, మే నెలల రాత్రులు ఎట్లా గడిచాయో మీ విలేకరులకూ తెలుసు, వాళ్లూ ఆసుపత్రుల బయట నిలబడ్డారు. పేషెంటు దగ్గరికి ఇంటివాళ్లను రానివ్వరు, కిట్టు వేసుకున్న మాకు కళ్లు తప్ప మొహం కనబడదు, ఎవరు సిస్టరో ఎవరు డాక్టరో వాళ్లకు తెలియదు. ఒక రాత్రి ఒక పెద్దావిడ, ముస్లిం, కొడుకు దుబాయిలో ఉన్నాడట, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. రెండు గ్లౌజుల మీద నుంచి కూడా ఆమె వేళ్లు వణకడం తెలుస్తూనే ఉంది. ఆమె తన దువా చదువుకుంటోంది, నేను మనసులో ఇరవై మూడో కీర్తన చెప్పుకుంటున్నాను, గాఢాంధకారపు లోయలో నడిచినా భయపడను, నువ్వు నాకు తోడున్నావు అని. ప్రార్థన చేస్తే ఆక్సిజన్ పెరగలేదు. ఆ వార్డులో కొందరు బతికారు, కొందరు బతకలేదు, ఆమె బతకలేదు. ప్రార్థన నాకు ఇచ్చింది ఒక్కటే, ఆ మంచం పక్కన నిలబడే బలం. లోపల టెన్షన్‌తో గుండె కొట్టుకుంటున్నా మళ్లీ పక్క మంచం దగ్గరికి పోగలిగాను. ఇదేం పెద్ద సాక్ష్యం అని కొందరికి అనిపించొచ్చు. నాకు ఇంతకన్నా పెద్దది తెలియదు.

మన ఉత్తర తెలంగాణ చరిత్ర చూసినా ఈ విశ్వాసం వెలుగు అనిపించుకున్నది, ఎవరూ అడుగు పెట్టని చోటికి ఎవరో ఒకరు పోయినందుకే. నిజామాబాద్ లైన్లో పోయేవాళ్లకు డిచ్‌పల్లి స్టేషన్ తెలుసు, అక్కడి కుష్ఠు ఆసుపత్రి సంగతి ఈ తరానికి అంతగా తెలియదు. ఆ రోజుల్లో పెద్దరోగం అంటే ఊరి బయటే, సొంత తల్లి అయినా దూరం నుంచి గిన్నె జరపాల్సిందే. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో డిచ్‌పల్లిలో ఆ ఆసుపత్రి నిలబెట్టారు. అప్పటికి కుష్ఠుకు డాప్సోన్ మందు వాడకం మొదలు కాలేదు, ఇప్పటి మల్టీ డ్రగ్ మాత్రలు అంతకన్నా లేవు. అడవిబాదం జాతి గింజల నూనె ఇంజెక్షన్లే వైద్యం, చాలా నొప్పి, నెలల తరబడి చేయాలి. ఒక నర్సుగా చెప్తున్నా, ఆ నూనె సూది కన్నా ముందు ఆ రోగి చెయ్యి ముట్టుకోవడమే అసలు వైద్యం అయి ఉంటుంది. ఇంకో సంగతి, ఆ ఆసుపత్రి కట్టడానికి పెద్ద విరాళం ఇచ్చింది నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. సేవ అంటే మతం మార్చడానికే అని కొందరు, మనది మనవాళ్లకే అని ఇంకొందరు వాదించుకునే ఈ రోజుల్లో ఆ ఇద్దరినీ ఒకసారి డిచ్‌పల్లి తీసుకుపోవాలనిపిస్తుంది.

మెదక్ చర్చి సంగతి అందరికీ తెలిసిందే, కరువులో జనానికి పని, అన్నం దొరకాలని మిషనరీ పాస్నెట్ దొరగారు ఆ కట్టడం ఎత్తుకున్నారని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్తారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది, 2024లో నూరేళ్లు నిండాయి. మీరు వేసే ఫొటోల్లో ఎప్పుడూ ఆ గోపురమే ఉంటుంది. ఆ రాళ్లు మోసి పూట గడుపుకున్న కూలీల మనవలు, మునిమనవలు ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు, ఈసారి వాళ్లతో మాట్లాడి రాయించండి.

మాకు ఇంకా దగ్గర డోర్నకల్. 1912లో అజరయ్య గారు అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి ఒకటిన పోయేదాకా డోర్నకల్‌లోనే పనిచేశారు. ఆయన సంఘంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు, ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేనివాళ్లు. మా నాన్నమ్మ అట్లాంటి పల్లెలోనే పుట్టింది. పగలంతా దొర పొలంలో పని, రాత్రి అన్నాలు తిన్నాక పంతులుగారు కందీలు వెలిగించి అక్షరాలు దిద్దించేవారట. పలక లేకపోతే నేల మీద ఇసుక. ఆమె సంతకం పెట్టడం నేను చూశాను, ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాసేది. వేలిముద్ర వేయమని ఎవరన్నా స్టాంప్ ప్యాడ్ జరిపితే దాన్ని పక్కకు నెట్టేసేది.

ఇప్పుడు మళ్లీ పర్వతగిరి ఇంటికి వస్తాను, చెప్పాల్సింది అక్కడే మిగిలి ఉంది. 2018లో వచ్చిన రైతుబీమా 5 లక్షలు పాసుబుక్కు ఉన్న రైతులకే, కాబట్టి ఆమెకు రాదు. కానీ 2015లో వచ్చిన జీవో 194 ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 6 లక్షల సాయం ఉంది, కౌలు రైతు ఇంటివాళ్లు కూడా అడగొచ్చు. ఆమెకు ఇది ఎవరూ చెప్పలేదు. మా సంఘంలో రిటైరైన గుమాస్తా ఒకాయన ఉన్నారు, ప్రసంగం చేయమంటే లేచి పోతారు, కాగితం పని అప్పచెప్పితే నిద్రపోరు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పుల చీటీలు అన్నీ ఫైలు కట్టి ఆమెను సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి తీసుకుపోయారు. భూమి యజమాని కౌలు సంగతి రాసివ్వడానికి మొదట జంకాడు, రాసిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతారేమోనని భయం. ఊరివాళ్లే నాలుగు మాటలు చెప్పి సంతకం పెట్టించారు, వాళ్లలో మా సంఘంవాళ్లు ఒక్కరూ లేరు. ముగ్గురు అధికారుల కమిటీ విచారణకు వచ్చి పోయింది, ఫైలు ఇంకా తేలలేదు, తిరుగుతూనే ఉన్నాం.

డబ్బు వస్తుందో రాదో గాని, చావు ఇంటికి జనం వచ్చేది పెద్దకర్మ దాకానే. తర్వాత చుట్టాలు ఎవరి పనుల్లోకి వాళ్లు పోతారు, అప్పులవాళ్లు మాత్రం రావడం మానరు. చీకటి అసలు అప్పుడు మొదలవుతుంది. అందుకే మా స్త్రీల సమాజంలో వంతులు వేసుకున్నాం, వారం తప్పకుండా ఒకరు పోవాలి. పోయి ప్రసంగం చేయొద్దు అన్నది మేం పెట్టుకున్న మొదటి షరతు. కూరగాయలో, పిల్లలకు నోటుబుక్కులో పట్టుకుని పోవడం, కూర్చోవడం, ఆమె అడిగితే ప్రార్థన చేయడం. మల్లన్న పటం గురించి ఎవరూ నోరెత్తలేదు. కొన్నాళ్లకు ఆమే అడిగింది, "అమ్మా, ఆయన చేసిన పని దేవుడు మన్నిస్తడా?" అని. మా పాస్టరమ్మగారు ఆమె తల నిమిరి, "నీకన్న నాకన్న దేవునికే ఆయన మీద ప్రేమ ఎక్కువ బిడ్డా" అన్నారు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నిద్రపోయానని ఆ తర్వాతి వారం నాతో చెప్పింది.

ఇక్కడ పాస్టరు అయ్యగార్లకు ఒక మాట, చేతులు జోడించి చెప్తున్నాను. ఆత్మహత్య అనేసరికి సమాధి కార్యక్రమానికి వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ ఇంటి తలుపు మూయకండి, అక్కడ బతికున్నవాళ్లు ఉన్నారు. అట్లాగే మనసు బాగాలేనివాళ్లు డాక్టరు దగ్గరికి పోతామంటే, రాసిచ్చిన మాత్రలు వేసుకుంటామంటే, విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అని అనకండి. మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో నేను వార్డులో చూశాను. లూకా వైద్యుడు అని బైబిలే చెప్తోంది. ప్రార్థన చేయండి, చేసి మీరే బండి ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

సంపాదకులు గారికి నా విన్నపాలు రెండున్నాయి. రైతు చనిపోయిన వార్త వేసేటప్పుడు ఎట్లా చనిపోయాడు, ఏం తాగాడు అనే వివరాలు వేయకండి. ఆత్మహత్యల వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, మీ డెస్కులో అందరికీ అవి తెలిసే ఉంటాయి. ఆ వివరాల చోట, మనసు బాగాలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 వేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఫోన్ చేయడానికి ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రెండోది, ఈ డిసెంబర్ క్రిస్మస్ పేజీలో ఆరాధన వేళల కింద అదే నంబరు ఇంకోసారి అచ్చు వేయండి. మా సంఘంలో 24వ తేదీ రాత్రి ఆరాధనలో చదివే ప్రకటనల్లో దాన్ని చేర్పించాం, రైతులు పత్తి తెచ్చే వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర పెట్టడానికి చిన్న బోర్డు కూడా రాయిస్తున్నాం, మార్కెట్ వాళ్ల అనుమతి కోసం చూస్తున్నాం. మిగతా సంఘాలవాళ్లు, కాథలిక్ చర్చిల ఫాదర్లు, మందిరాలవాళ్లు ఎవరైనా తమ ఊళ్లో పెట్టుకోవాలంటే ఆ మాటలు రాసి పంపిస్తాం, బోర్డు ఖర్చు తక్కువే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
హన్మకొండ